మొదటి వాయిదా

ఉత్తరం నాలుగుసార్లు రాశాను.

మొదటిదాంట్లో మరీ రోగిష్ఠిదాన్నైపోయాను.
జెకర్యా పాస్టరు గారు కళ్ళద్దాలు తీసి
"ఇంత జబ్బుతో చదువెందుకు తల్లీ, ప్రార్థన చేద్దాం" అన్నారు.
రెండోదాంట్లో జబ్బుని ఒక్క వాక్యానికి కుదించాను.
"బాగానే ఉన్నావుగా, ట్యూషన్లు చెప్పుకో" అన్నాడు
జిరాక్సు షాపు శేషగిరి, కాగితం ఇంకా వేడిగా ఉండగానే.

ఎంత జబ్బుంటే సాయానికి సరిపోతుందో
ఎంత ఓపికుంటే చదువుకి పనికొస్తానో
ఆ రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో
బీయస్సీలో ఏ మేష్టారూ చెప్పలేదు.

నా లూపస్‌కి ఎండ పడదు.
ఎండ పడనివాళ్ళు
గుంటూరులో పుట్టకుండా ఉండాల్సింది.
పదింటికల్లా చుట్టుగుంట రోడ్డు పెనమైపోతుంది,
నా చెంపల మీద ఏదో ఎర్రగా రెక్కలు విప్పుతుంది.
"మొహం కళకళలాడుతోందే" అంటుంది పక్కింటి నాగూర్‌బీ పిన్ని.
మాత్రలు మొహాన్ని పూర్ణబ్బూరెలా ఉబ్బించిన నెలలో
"ఒళ్ళు చేశావు, మంచిదే" అని కూడా అంది.
తెల్లారి వేళ్ళు ముడుచుకుపోయి
పాలప్యాకెట్టు పళ్ళతో చింపుతానని ఆమెకేం తెలుసు.

అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడాలు తీస్తుంది.
కిలోకింతని కూలి.
పొద్దుగూకి వచ్చి మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకు కూర్చుంటుంది.
మా ఇంట్లో ఇద్దరి వేళ్ళూ మండుతాయి,
కారణాలు వేరు.

మూడో ఉత్తరంతో నన్ను కూడా అక్కడికి లాక్కెళ్ళింది.
రానన్నాను. సిగ్గు.
ఆసుపత్రి చీటీలో ఈ లక్షణం ఎవరూ రాయరు.

ఎర్రటి గుట్టల మధ్య ముప్ఫై మంది ఆడవాళ్ళు,
ముక్కులకి పైటకొంగులు.
నువ్వే చదువమన్నారు.
చదువుతూ దగ్గాను, వింటూ వాళ్ళూ దగ్గారు.
"జబ్బు సంగతి సరే. ఏం చదువుతావే?" అంది పేరమ్మత్త.
అంతవరకూ ఆ మాట అడిగినవాళ్ళు లేరు.
"ఎమ్మెస్సీ. లెక్కలు."
"లెక్కలా! అయితే మా మేస్త్రీ కాటాలో కొట్టేసేదెంతో తేల్చు,
అప్పుడిస్తాం డబ్బులు."
అందరూ నవ్వారు.
నేను నిజంగానే తేల్చాను.
గోడౌను చీటీలూ కూలి చీటీలూ పక్కపక్కన పెట్టి,
తొడాల తరుగు పోను
బస్తాకి రెండు కిలోల నాలుగొందల గ్రాములు.
నవ్వటం ఆపేశారు.

నాలుగో ఉత్తరం యూనివర్సిటీకి.
ఫీజు రెండు వాయిదాల్లో కడతాననీ, ఒప్పుకోండనీ. అంతే.

శనివారం కూలి చేతికొచ్చింది.
పేరమ్మత్త వంద.
ఏసుమణి ఇరవై, గుమ్మందాకా వెళ్ళి తిరిగొచ్చి ఇంకో పది.
పేరు రాయొద్దన్నామె నూటపదహార్లు.
ఇలా ఆరు శనివారాలు.
ఆటో బాజీ డబ్బులివ్వలేదు,
మంగళవారాలు మాత్రం ఊరికే దింపుతానన్నాడు,
మంగళవారమే ఎందుకో అతనికే తెలియాలి.
శేషగిరి జిరాక్సుకి తీసుకోని నలభై రూపాయల్నీ
చందాగా పద్దులో రాయించుకున్నాడు.
పాస్టరు గారు, ప్రార్థనతోపాటు,
చర్చిలో ఎవరో మర్చిపోయిన గొడుగిచ్చారు.
నల్లది, ఒక ఊచ విరిగింది.

కౌంటర్లో గుమాస్తా కట్ట విప్పి
లెక్కపెట్టబోయి తుమ్మాడు.
మళ్ళీ మొదట్నించీ. మళ్ళీ తుమ్మాడు.
"ఏం డబ్బమ్మా ఇది?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.
"తొడాలు తీసిన డబ్బండీ."
నన్నే లెక్కపెట్టమన్నాడు.
వేళ్ళు మాట వినలేదు. ఒక్కో నోటూ బతిమాలి తీశాను.
వెనకాల లైను గొణిగింది.
సరిపోయింది.

రెండో వాయిదా జనవరిలో.
అప్పటికి నా కీళ్ళేమంటాయో,
లెక్క తెలిసిన మేస్త్రీ అమ్మనేమంటాడో.

రసీదు మడిచి మాత్రల డబ్బాలో పెట్టాను.
బయట ఎండ ఉన్నచోటే ఉంది.
గొడుగు విప్పాం.
విరిగిన ఊచ వైపు అమ్మ నడిచింది.