ఒంటి చెయ్యి చొక్కా

మెడ లేదు, నడుం లేదు,
టేపు యాడ పట్టాల్నో తెల్వలె.
ముప్పై ఏండ్ల కుట్టు పనిల
చెయ్యి తప్ప ఒళ్ళు లేని చొక్కాను
నేను జూసుడు అదే మొదలు.

హాస్టల్ వార్డెన్ కంట్ల పడ్డదని
మందుల కాలేజీ పిల్లగాడు నిఖిలేశు
ప్యాంటు ఆల్ట్రేషన్‌కిచ్చినట్టు ఇచ్చిపోయిండు:
"ఫెర్రెట్ కాకా, రెండు దినాలే."
మట్టెవాడ గల్లీ గల్లీ ముంగిస అన్నది.
పామును పట్టిస్తవా అని కొంరమ్మ అడిగింది.
నేను బాబిన్ అని పేరు పెట్టిన.
పొద్దంత చుట్టుకొని పంటది,
లేస్తె దారం తెగిన ఉరుకుడు.

రెండు దినాలు రెండు ఎండకాలాలైనయి.

పాల గిన్నె చూపొద్దు. బెల్లం వద్దు, అరటిపండు వద్దు.
చాంద్ దుకాణంల కోడి కార్జం, కందనకాయ,
పటుక్కుమనే లేత బొక్క,
నాలుగు గంటలకోసారి.
దాని కడుపు నా గల్లా పెట్టె, ఏదీ నిలువది.

జాలీ అలమారికి మూడు అంతస్తులు.
పాత లుంగీలు కోసి తొట్టెలలు కట్టిన,
అంచులు మడిచి కుట్టిన. పోగు లేస్తె గోరు చిక్కుతది.
తానం ఎక్కువైతె వాసన ఎక్కువైతది,
ఉతకాల్సింది తొట్టెలను, దాన్ని కాదు.
ఎత్తేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద,
ఒక చెయ్యి ఎనక కాళ్ళ కింద,
పట్టుచీరె ఎత్తినట్టు
జారనియ్యకుంట, పిసకకుంట.
మొదట్ల కరిచింది.
సూది పొడవని ఏలు నాకేడిది?
గోర్లు తీసేనాడు బొడ్డు మీద ఒక్క చుక్క చేప నూనె.
అది నాకుకుంట లోకం మరిస్తె
దారం కత్తెరతోని టిక్కు, టిక్కు.

మే నెల. నలభై నాలుగు. కరెంటు పోయింది.
తొట్టెలల బాబిన్ తడి పేలిక లెక్క.
పిలిచిన. ఊపిన. ఎత్తితె మెడ వాలింది.
ఐసు బాటిల్‌కు తువాల చుట్టుతుంటె
కాజాలు కుట్టే చేతులు వణికినయి.
"పానం పోయింది సాంబయ్యా" అన్నది
కొంరమ్మ, దర్వాజల నిలబడి.
మిషన్ మీద తల పెట్టిన.
ఎంత సేపో.
చెవి పక్కన ఆవులింత.
గులాబి నోరు, నాలుగు కోరలు,
ఏమాయె అన్నట్టు ఒక చూపు.
గంత మొద్దు నిద్రట ఆ జాతికి!
నేను ఏడ్చిన సంగతి కొంరమ్మ
ఇంకా చెప్పుకుంట తిరుగుతది.

నిన్న మిషన్ కింది చెక్క జరిపితె
అంగుస్తాన్, సుద్దముక్క, ఎనిమిది హుక్కులు,
ఎవలిదో ఎడమ కాలి సాక్సు,
నిఖిలేశు ప్యాంటు రసీదు.
సిరిసిల్లల మెడికల్ షాపు పెట్టిండట.
ఆయన అడగలె. నేను గుర్తు చెయ్యలె.

పెండ్లికొడుకు తమ్ముడు వచ్చి నిలబడ్డడు షేర్వానీ కోసం.
"రేపు రా" అన్న.
గీ మాట అబద్ధం కానిది గిదే మొదటిసారి.
హ్యాంగర్ మీద షేర్వానీ
ఎడమ చెయ్యి
మెల్లగ ఊపిరి తీస్తున్నది.