డెబ్భై రెండు

లూసియెన్ ఇంటి కప్పు మీద నేను,
కిటికీ దగ్గర ఆమె,
ఏప్రిల్ వచ్చినా చూరు వదలని మంచు.
"ఎంత?" అని అరుస్తాను.
"ఇరవై మూడు" అంటుంది,
బేరం కుదరని దానిలా.

నది అవతల కెనడా.
టవరు ఇంకా డెబ్భై మైళ్ళు.
మధ్యలో బంగాళాదుంపల చేలు, స్ప్రూస్ అడవి,
ఎవరో అడ్డంగా పడేసి మరిచిపోయిన కొండ.

కొట్లో కుర్రాడు గుండ్రటిది చూపించాడు,
నున్నగా, పళ్ళెంలా.
"నాలుగు దిక్కులూ వింటుంది" అన్నాడు.
నాలుగు దిక్కులూ వినేవాడు
ఎవరి మాటా సరిగా వినడు
(మా ఆవిడ నా గురించి అనేది అదే).
అందుకే ఈ పొడుగాటిది తెచ్చాను,
చేపముల్లు లాంటిది, ఒక్క వైపే చూసేది.
బూస్టరు వద్దన్నాను.
లేని మాటను అది పుట్టించదు,
ఉన్న గోలను మాత్రం పెంచి పెడుతుంది.

పాత టీవీయే నయం, అంటుంది లూసియెన్.
తెర నిండా చీమలు పాకేవి,
ఆ చీమల్లోనే ఆటగాళ్ళను పోల్చుకునేవాళ్ళం.
ఇప్పుడు ఉంటే అద్దం, లేకుంటే చీకటి.
కొంచెం కొంచెంగా పోవడం
వీటికి చేతకాదు.

దిక్సూచి చెప్పినట్టే తిప్పాను.
ఇరవై ఆరు. ఇరవై నాలుగు.
ఒకసారి ముప్పై ఒకటి,
దగ్గాను, పోయింది.
ఏడింటికి హాకీ. ఆరూ నలభై అయింది.
వేళ్ళు కొంకర్లు పోయి నట్టు జారింది,
దాని వెనకే రెంచి
కప్పు మీంచి దొర్లి మంచులో మునిగింది.
నేనన్న మాట ఇక్కడ రాయను.
పట్టు తప్పిన ఏంటెనా
గాలికి తనంతట తానే తిరిగి
టవరుకు వీపు పెట్టింది,
మెరక మీద రోజేర్ గోదాం రేకు గోడకేసి.

"డెబ్భై రెండు!"
లోపల జనం హోరు.
"కదలకు అర్మెల్! ఊపిరి తీయకు!"

కొండ దాటి రాలేని బొమ్మ
ఆ రేకుకు తగిలి మళ్ళి వస్తోంది.
ఎనిమిదేళ్ళుగా లూసియెన్‌కు కంటిలో నలుసు ఆ గోడే.
తన సాయంత్రం ఎండను మింగిందని
రోజేర్‌తో మాట మానేసింది,
చర్చిలో బెంచీ కూడా మార్చింది.

రెంచి లేదు. బట్టలారేసే తాడుతో కట్టాను,
ఏడు ముళ్ళు.

మొదటి విరామంలో
సూపు గిన్నె నా ముందుకు తోస్తూ,
తెర మీంచి చూపు తిప్పకుండా అంది:
"శరత్కాలంలో ఆ గోదాం పడగొడతాడట కదా.
వద్దని చెప్పాలి.
ఎవరైనా."