ఆడిట్ అభ్యంతరం పదిహేడుకు జవాబు

అయ్యా,
కార్బన్ రసీదు పుస్తకం ఎందుకు వాడినారని అడిగినారు.
పదకొండేళ్ల కిందటే రద్దయిన పుస్తకం
బీరువా అడుగు అరలో ఎందుకుందనీ అడిగినారు.
రెండోదానికి జవాబు తేలిక:
మా ఆఫీసులో ఏదీ పారేయరు.
మొదటిదానికి
రొంత వెనక్కి పోవాల.

ఆ ఏప్రిల్‌లో కొండకు జనాన్ని ఆపేసినారు.
తిరపతి బొక్కసం కిందున్నా
తాళంచెవి పైనే ఉంటుందని
అప్పుడు తెలిసింది నాకు.
లాడ్జీల పన్ను, స్కూటర్ స్టాండు పాట,
బస్టాండు పక్క మరుగుదొడ్ల వేలం,
పూలంగళ్ల ఆశీలు.
గుండు మీద పూసుకునే గంధంలో కూడా
ఏదో ఒక మూల మా వాటా ఉండేది.

కంప్యూటర్లో గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోదు.
సున్నా కొట్టాల.
ఏప్రిల్ సున్నా. మే సున్నా.
ముందర ఒక్క అంకె అయినా లేకుండా
అన్ని సున్నాలు వరసగా నిలబడటం
నా సర్వీసులో చూళ్లేదు.
జమలో సున్నా, ఖర్చులో సున్నం.
సున్నం బస్తాలు, బ్లీచింగు, కట్టెల లారీ బాడుగ.

అదే నెలలో మా మేడ మీద
కంట్రోల్ రూము తెరిచినారు.
గోడ నిండా తెరలు.
బండ్లు లెక్కపెట్టే కెమెరా
అలిపిరి దారిని రేయింబవళ్లు చూసి చూసి
నడిరోడ్డున పండుకున్న కుక్కను
లెక్కలో వేసుకోవాలా వద్దా అని
ఎర్రదీపం వెలిగించింది.

పారిశుద్ధ్యం వాళ్లకు మూడు నెలల జీతం నిలిచింది.
కొర్లగుంట కుప్పమ్మ చెత్తబండి కింద పెట్టి
మెట్లెక్కి వచ్చింది.
గుమ్మం అవతలే నిలబడి తెరల్ని చూసింది.
“ఇదెంతవుతుంది సార్?”
చెప్పినా.
“ఒకటి తీసి అమ్మితే
మా గ్యాంగుకంతా జీతమొస్తుంది గదా?”
ఆ పద్దు వేరమ్మా. అది మూలధనం.
దానికనే పైనుంచి వచ్చిన డబ్బు,
ఇటు మళ్లించకూడదు.
నేను చెప్పింది నిబంధనే,
ఏ పేజీలో ఉందో కూడా చెప్పగలను.
పెద్ద మాటేదో అంటుందనుకున్నా.
అనలేదు.
గ్లౌజు చినిగింది, ఇంకో జత ఉందా అనడిగింది.
లేదు.
ఇండెంటు పెట్టాల.

ఇక రసీదు సంగతి.
జూన్ తొమ్మిది. కౌంటరు మూత.
పన్నులన్నీ ఫోన్లోనే కట్టాలని ఉత్తర్వు.
సర్వరు పొద్దున్నించీ గిర్రున తిరుగుతానే ఉంది.
ముక్కుకు తువ్వాలు చుట్టుకొని
చెంగల్రాయులు వచ్చినాడు.
గాంధీ రోడ్డు వెనక సందులో లాడ్జీకి కావలి,
జీవకోనలో రేకుల ఇల్లు,
నీటి పన్ను ఎనిమిదివందల నలభై.
ఓనరు ఆఖరి జీతం కింద
గల్లాపెట్టె చిల్లరంతా ఒంచి ఇచ్చినాడంట.
మూట విప్పి, “శానిటైజరు చల్లే తెచ్చినా సార్.”

ఇప్పుడెందుకయ్యా, గడువు పొడిగించినారు గదా?
“గడువుంటుంది సార్,
అప్పటికి నా దగ్గర దుడ్డుండాల గదా?”

దానికి నా దగ్గర నిబంధన లేదు.
బీరువా తీసినా.
దుమ్ము దులిపి, కార్బన్ పెట్టి,
కింది కాగితానికి దిగేట్టు
గట్టిగా ఒత్తి రాసినా.
ఆ మూడు నెలల్లో
నా చేతి మీదుగా వచ్చిన జమ అదొక్కటే.

అనుమతి లేని వసూలు అన్నారు. ఒప్పుకుంటా.
ఏ పద్దులో చూపినారన్నారు.
ఆ తేదీ సాఫ్ట్‌వేరులో తెరుచుకోలేదు.
డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంది,
లెక్కలో మాత్రం
ఇప్పటికీ అనామతు.

మరుసటి ఏడాది కంప్యూటరే తనంతట తాను
చెంగల్రాయులుకు బకాయి నోటీసు పంపింది,
వడ్డీతో సహా.
కవరు తిరిగొచ్చింది.
పైన పోస్టుమాన్ నీలి సిరాతో
“లేరు” అని రాసినాడు.
ఇల్లు మారినారనా, ఇంకోటా,
నేను కనుక్కోలేదు.
ఈ జవాబులో
నేను నిజంగా సంజాయిషీ ఇవ్వాల్సింది
బహుశా దానికే.

జత: రసీదు నకలు ఒకటి.
కార్బన్ పలచబడింది.
కిటికీ దగ్గర పట్టుకొని చదవగలరు.