నిశానీ

బస్సు డిపోలో రెండ్రోజులు సెలవు పెట్టి
బాల్టిమోర్ నుంచి వాషింగ్టన్ వచ్చాను.
పెన్ను బయటే వదలమన్నారు.
లోపలికి పెన్సిలుకే ప్రవేశం.

అట్టపెట్టెలో మూడు మడతల కాగితాలు,
ముట్టుకుంటే అటుకుల్లా రాలేట్టున్నాయి.

కేటో సింగల్టన్, మా తాతకి తాత.
నల్ల పటాలంలో సిపాయి.
అయిదడుగుల నాలుగంగుళాలు. పొలం కూలీ.
పుట్టిన తేదీ దగ్గర గుమస్తా కలం ఆగి,
సిరా చుక్కొకటి వదిలి ముందుకు పోయింది.
జ్వరమొచ్చి ఆసుపత్రిలో పోయాడట.
తుపాకీ పేల్చాడో లేదో ఒక్క ముక్క లేదు.

అతని గురించి రెండే పేజీలు.
మిగతా అరవై ఒకటీ ఆమె గురించి.

డార్కస్.
"భార్యనని చెప్పుకుంటున్న స్త్రీ"
అని రాసుకున్నాడు విచారణకొచ్చిన దొర.
పెళ్లికి రుజువేదీ?
"మా గురించి వాళ్లు కాగితం రాసింది
మమ్మల్ని అమ్మినప్పుడేనయ్యా."
కొడుకెప్పుడు పుట్టాడు?
"వరికి రెండో నీరు పెట్టిన వారం.
ఆయన చొక్కా ఉంది, చిరుగు నేనే కుట్టాను, తేనా?"
చొక్కా తెమ్మన్నట్టు ఎక్కడా లేదు.

నెలకి ఎనిమిది డాలర్లు.
పదకొండేళ్లు వచ్చి ఆగిపోయాయి.

యాభైనాలుగో కాగితం పొరుగింటామె వాంగ్మూలం.
"వడ్రంగి ఒకడు రాత్రిపూట
ఆమె గుమ్మంలో బూట్లు విప్పడం
నా కళ్లతో చూశాను."
విధవ గుమ్మంలో మగ బూట్లుంటే
సర్కారు పింఛను ఉండదు.
అప్పటి చట్టం.

సాక్షి పేరు చదివి కుర్చీ వెనక్కి జరిపాను.
హేగర్ మిడిల్టన్.
మా నాయనమ్మకి అమ్మమ్మ.
ఆమె కుట్టిన బొంత ఇప్పటికీ నా మంచం మీదే ఉంది.

అక్కసా? ఆకలా?
దొర ఏమన్నా ఆశపెట్టాడా?
తాత పెళ్లినాటికి ముసలమ్మలిద్దరూ బతికే ఉన్నారంటారు.
ఒక బల్ల మీద తిన్నారో లేదో
ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు,
అడగడానికిప్పుడు ఎవరూ లేరు.

ఇద్దరికీ చదువు రాదు.
డార్కస్ నిశానీ కాగితాన్ని చీల్చినంత పని చేసింది.
హేగర్‌ది చిన్నగా, పొందిగ్గా,
బొంతలో కుట్టులాగే ఉంది.

అయిదింటికి మూసేస్తారు.
కౌంటరు దగ్గర కుర్రాడు అడిగాడు:
ఈ యాభైనాలుగోది కూడా కాపీ తియ్యాలా?

పేజీకి ఎనభై సెంట్లు.
తియ్యమన్నాను.
రెండు.