అడుగున మడ్డి

రేవులో పదకొండు రోజులుంది నా సరుకు.
ఆరొందల సీసాలు.
నలుపంటే కాటుక నలుపు కాదు,
బెల్లప్పాకం మాడబోయే ముందు ఒక్క క్షణం ఉంటుందే, ఆ రంగు.
జపానులో ఏదో సముద్రపు ఊళ్లో
ఆరుబయట కుండల్లో అన్నం వేసి, నీళ్లు పోసి
మూడేళ్లు ఎండకి వదిలేస్తారట.
మూడేళ్లు ఓర్చిన నీళ్లకి
విశాఖ రేవులో పదకొండు రోజులొక లెక్కా?
లెక్కే.
రోజుకింతని అద్దె కట్టేవాడికి లెక్కే.

పర్లాకిమిడి నుంచి పొద్దున్నే బస్సెక్కాను.
పాతపట్నం రాగానే బోర్డుల మీద అక్షరాలు మారాయి.
సంచిలో కాయితాలు మాత్రం
ఇటూ అటూ కాని ఇంగ్లీషులోనే ఉన్నాయి.

అధికారి మంచివాడే. టీ ఇప్పించాడు.
"పులియబెట్టిందా, యాసిడ్ కలిపిందా?"
పులియబెట్టిందేనండి.
"పులుపెంత?"
నాలుగున్నర శాతం. మీ పుస్తకానికి మూడుముప్పావు చాలు.
"మరి అడుగున ఇదేమిటి?"
సీసా ఎత్తి ట్యూబులైటుకి పట్టాడు.
చిన్న మబ్బుతునక ఒకటి
నిద్దట్లో ఒత్తిగిలినట్టు కదిలింది.

తల్లండీ, అన్నాను.
"ఏమిటీ?"
తల్లి. అది లేందే పుల్లబడదు. పాలకి తోడులాగ.
ఫారంలో తల్లికి గడి లేదు.
కలం కాసేపు గాల్లో ఆడించి
ఇంగ్లీషులో రెండు ముక్కలు రాశాడు.
నేను లోలోపల తెలుగు చేసుకున్నాను:
పరాయి పదార్థం.

మా నాన్న పేరు కూర్మారావు.
రేషన్ కార్డు మీద ఒడియాలో దీర్ఘం ఎగిరిపోయింది.
దిద్దించడానికి పధ్నాలుగేళ్లు తిరిగి తిరిగి
చివరికి తప్పు పేరుకే సంతకం నేర్చుకున్నాడు.

సీసాలు రెండు పరీక్షకి పోయాయి, తిరిగి రాలేదు.
మిగతావాటికి నేనే కూర్చుని స్టిక్కర్లు అంటించాను.
పచ్చచుక్క. పధ్నాలుగంకెల లైసెన్సు.
దిగుమతిదారు: కె. లోకనాథం, పర్లాకిమిడి, గజపతి జిల్లా.
ఖాళీ ఉన్నది ఒక్కచోటే,
కుండల వరస మీద ఎండ పడుతున్న వాళ్ల బొమ్మ దగ్గర.
ఎండ మీదే అంటించాను.

ఏడాదిలో అమ్మినవి:
విశాఖలో ఒక హోటలుకి ఇరవై నాలుగు.
బరంపురం డాక్టరుగారికి రెండు.
షుగరుకి మంచిదని ఆయనే ఎక్కడో చదివాడు,
నేననలేదు, అనకూడదు, రూలు.
గుణుపురం నుంచి ఒకాయన ఫోను చేసి
సారా లాంటిదా అని అడిగి, కాదంటే పెట్టేశాడు.

బస్టాండు పక్కన తవిటమ్మ ఎండాకాలమంతా తరవాణి అమ్ముతుంది.
ఒడియావాళ్లు తొరాణి అంటారు.
అదే కుండ, అదే గరిటె,
దాటేటప్పుడు మధ్యలో 'వ' ఒక్కటి సుంకం కింద పోయింది.
అత్త నాటి కుండ అది.
ఏ పూటా పూర్తిగా ఒంపదు,
అడుగున చేరెడు ఉంచి, పైన కొత్త గంజి పోస్తుంది.
లైసెన్సెవరిచ్చారని దాన్ని ఎవరూ అడగలేదు.

ఒకరోజు ఉండబట్టలేక
చెంచాడు ఆమె నాలిక మీద పోశాను.
కళ్లు మూసింది. దవడలు లాగింది. మళ్లీ చెయ్యి చాపింది.
"ఇది మా కుండలో నీరే గదా బావూ,
ముసిల్దయిపోయింది, అంతే.
దీనికోసరం అంత దూరమెల్లినావేటి?"

ఏం చెప్పను?
ఓడ గురించి చెప్పనా, మూడుముప్పావు గురించి చెప్పనా.

నా చొక్కా జేబులో మిగిలిన స్టిక్కరు చూసి
తన కుండకీ ఒకటి అంటించమంది, అందంగా ఉంటాదని.
చెమ్మకుండ.
బొటనవేలితో నొక్కాను, జారింది.
తుడిచి మళ్లీ నొక్కాను.
నా పేరు, మా ఊరు, పచ్చచుక్క
మెల్లగా కిందికి దిగుతుంటే
ఎవరో రెండు లోటాలడిగారు,
ఆమె గరిటె ముంచింది.