ఆఖరివాడి టైము

మా నాండీ కొండల్లో
నడక వచ్చినవాడికల్లా పరుగు వచ్చు.
తేయాకు తోటల మధ్య ఎర్రమట్టి దారి,
ఊపిరి తూచి వాడుకోవాల్సిన ఎత్తు.
ఇక్కడ పుట్టి పరుగెత్తలేనంటే
చేపకు ఈత రాదన్నట్టే, నవ్వుతారు.

కిప్యటోర్ పరుగెత్తేవాడు.
ప్రతి శనివారం, ప్రతి పందెంలో
ఆఖరు.

స్టాప్‌వాచీ నా చేతిలో ఉండేది.
మొదటి ముగ్గురికీ నొక్కి, బోర్డు మీద రాసి,
జేబులో వేసుకుని
నీళ్ళ డబ్బా దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి.
వాడొచ్చేసరికి సున్నపు గీత
అందరి కాళ్ళకూ అంటుకుని వెళ్ళిపోయి ఉండేది.
"నాదెంత, మ్వాలిమూ?"
మోకాళ్ళ మీద చేతులానించి అడిగేవాడు.
"చాలా" అనేవాణ్ణి.
వాడే ముందు నవ్వేవాడు.

సైన్యంలో, సముద్రం ఒడ్డు కుర్రాళ్ళతో కలిపి
పరుగెత్తించారట.
ఆ రాత్రి ఫోన్ చేశాడు:
"మ్వాలిమూ, నా వెనకాల మనుషులున్నారు!"

తెల్లారి దొడ్డి తలుపు తీసే వేళ పుట్టాడని
వాడికా పేరు.
హెలికాప్టర్లోనూ తలుపు పక్కనే చోటిచ్చారు.
ఉత్తరాన వరద మింగిన పల్లెలకు
మొక్కజొన్న పిండి బస్తాలు దింపేవాడు.
ఖాళీగా తిరిగొస్తుంటే
ముళ్ళచెట్ల మీద కూలిందది.
ఇరవై మూడేళ్ళు.

అధికారి వచ్చి కాగితం చదివాడు.
ఉదయం పది నలభై ఒకటి,
పదిహేడు సెకన్లు.
నేను వెనక వరసలో, చేతిలో టోపీతో నిలబడ్డాను.
ఇన్నాళ్ళకు ఎవరో వాడి టైము రాసుకున్నారు,
సెకన్లతో సహా.

మా దగ్గర, గెలిచొచ్చినవాడికి
ముర్సిక్ తాగిస్తారు.
బొగ్గు పూసిన సొరకాయ బుర్రలో పులిసిన పాలు.
విమానం దిగగానే తల్లులు నోటికందిస్తారు,
పేపర్లో ఫోటో వస్తుంది.
వాళ్ళమ్మ తప్సుబెయ్ బుర్ర
ఎప్పుడూ గోడకే వేలాడేది.
ఆ రోజు దించింది.
పెట్టె మూత తీయకూడదన్నారు.
ఆవిడ వినిపించుకున్నట్టు లేదు, తీయమనీ అడగలేదు.
నోరు ఎక్కడుంటుందో అంచనా వేసి
జెండా మీదే పోసింది, కొంచెం కొంచెంగా,
పొలమారుతుందేమో అన్నట్టు.
గుడ్డ మీద బూడిదరంగు పాలు పాకుతుంటే
ఆపబోయిన సిపాయి చేతిని
అధికారి పట్టుకున్నాడు.

శనివారాలు మళ్ళీ వస్తూనే ఉన్నాయి.
బోర్డు మీద ఇప్పుడు అందరి పేర్లూ రాస్తున్నాను, సుద్ద అయిపోతోంది.
దాంతో ఏదో తీరిందని కాదు.
మొన్న జెలగాత్ వచ్చి చొక్కా లాగింది:
"పందెం అయిపోయింది, మ్వాలిమూ. అందరం వచ్చేశాం."
లెక్కపెట్టాను. పద్దెనిమిది మంది. నిజమే.
బొటనవేలు మీట మీదే ఉంది.
అంకెలు తిరుగుతున్నాయి.