రెండో నంబరు మీద

ఒకటో నంబరు మీద ఏం లేదు.
రెండుకు తిప్పంగనే
డ్యాష్‌బోర్డు ఎనుక
ఎవలో సాటల రాళ్లు చెరుగుతున్నట్టు.
మూడు మీద టకటకటక.
నాలుగు మీద సప్పుడు గాలిల కలిసిపోతది,
లేనట్టే ఉంటది.
రోహిణి ఎండ, అద్దాలు దించలేం.
నెల రోజులు నాలుగు మీదనే నడిపిన.

మంగళారం, శుక్రారం
భూపాలపల్లి నుంచి హన్మకొండకు ఓదెలు కాక కిరాయి.
డయాలసిస్‌కు పోయేటప్పుడు ముచ్చట పెడతడు,
వచ్చేటప్పుడు పండుకుంటడు.
ఇరవై తొమ్మిదేండ్లు బాయిల పని జేసిన మనిషి.
రేగొండ దాటినంక
ముందు సీట్ల నడుమకు వంగి చెవి పెట్టిండు.
"రెండుకు వెయ్ బిడ్డా."
ఏసిన.
"మూడుకు."
ఏసిన.
"ఫ్యాను జోరుతోటి సప్పుడు జోరు గూడ పెరుగుతాంది.
గుంతల పడ్డా మారుతలేదు.
ఎడమకు మలిగినప్పుడు ఒక్క రవ్వ ఆగింది, ఇన్నవా?
మోటరు మంచిగనే ఉన్నది.
లోపల ఏందో ఉన్నది,
ఫ్యానుది కానిది."

పెద్దమ్మగడ్డ. యాకూబ్ షెడ్డు.
షోరూం పిల్లగాడు మోటరే మార్చాలన్నడని చెప్పిన,
ఆరువేల ఎనిమిది వందలని చెప్పిన.
యాకూబ్ ఏమనలే.
జేబుల బీడీ కట్ట నా చేతుల వెట్టి
సామాన్ల డబ్బ ఊడబీకి
తలకాయ కిందికి, కాళ్లు రోడ్డు మీదికి.
మూడు స్క్రూలు వచ్చినయి. నాలుగోది ఉండాలె, లేదు.
"నాకన్న ముందు ఎవడో ఇప్పిండు"
లోపల్నుంచే అన్నడు,
దొంగను వట్టిన గొంతుతోని.

ముందు ఫిల్టరు.
మడతల నిండ ఎనుమాముల పత్తి,
బొగ్గు లారీల ఎంబడి తిరిగిన నల్ల దుబ్బ,
ఒక మూలకు ఎలుక కొరికిన దర్వాజ.
ఎనుక ఫ్యాను.
గుండ్రటి గంప, చుట్టూ గోరంత గోరంత రెక్కలు.
రెక్కల సందుల
పత్తీ కాగితం నమిలి కట్టిన గూడు.
గూట్ల ఎవలు లేరు.
ఒక చింతగింజ,
నెల రోజులు నన్ను తిట్టింది ఇదే.
ఇంకా ఏందో నల్లగ, జిగటగ.
యాకూబ్ ముక్కు కాడ పెట్టుకున్నడు.
"బెల్లం" అన్నడు. మల్ల,
"మేడారం కిరాయిలు కొట్టినవా?"
కొట్టిన. పదకొండు.
ఎవల ఒళ్లోకెల్లి జారిందో ఆ బంగారం,
సీటు కిందికెల్లి ఎలుక ఈడిదాక మోసింది.
పారేస్తడనుకున్న.
ఉర్దూ పేపరు ముక్కల చుట్టి
పానాల డబ్బ మీద, ఎత్తున పెట్టిండు.

పాత పండ్ల బ్రష్షుతోని ఒక్కొక్క రెక్క.
ఇరుసు వట్టుకొని అటూ ఇటూ ఊపి సూసిండు.
"బుష్షు ఊగుతలేదు. ఎండిపోయింది, గంతే."
కుట్టుమిషిను నూనె, ఒక్క చుక్క.
ఇంకోటి పొయ్యమన్న.
"ఎక్కువైతే మల్ల పత్తి అంటుకుంటది,
నీ ఎలుకకు పరుపేసినట్టు."
గాలి వీల్చే నోటికి జాలి కట్టిండు.
రెండు వందలు.

ఒకటి. రెండు. మూడు.
ఏం లేదు.
ఇంత నిమ్మళంగ ఉంటదా నా బండి?
ములుగు రోడ్డు మీద ఊకెనే ఒక చక్కర్ కొట్టొచ్చిన.

శుక్రారం వాపసు.
పరకాల దాటినా
ఓదెలు కాక పండుకుంటలేడు.
పట్టీ కట్టిన చెయ్యి సీట్ల నడుమకెల్లి చాపి
గాలి వచ్చే కాడ అరచెయ్యి పెట్టి,
"వస్తాందా?"
వస్తాంది కాకా.
"సప్పుడు లేదు గద."

పత్తికట్టె ఎండిన చేన్ల దిక్కు సూస్తనే
మెల్లగ అన్నడు,
బాయిల పెద్ద ఫ్యాను మోగుతుంటెనే
మేం టిఫిను మూత తీసేది.
సప్పుడాగితే
మూత ఆడ, మెతుకులు ఆడ,
ఉరుకుడే.
పైకొచ్చినంక
తలకాయలు లెక్కవెట్టేది.

నాకు ఏమనాల్నో తోచలే.
నాలుగు మీద వెట్టిన.
గాలి హోరుమన్నది.
జరసేపటికి అద్దంల సూస్తె
నోరు తెరిచి పండుకున్నడు.
భూపాలపల్లి దాక
సలికి నా ముంజేతుల మీద బుడిపెలు లేసినయి.
తగ్గియ్యలే.